తెర వెనక కూర్చున్నవాళ్లు

(చిత్తూరులో ఒక శనివారం సాయంత్రం, చర్చి ఆవరణలో పాఠకులూ యవ్వనస్థులూ కలిసి పెట్టుకున్న కూడికలో ఒక తెలుగు లెక్చరర్ చేసిన ప్రసంగానికి రాతరూపం.)

అందరికీ వందనాలు. అయ్యగారికి, పెద్దలకు, ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకు కూడా. వెనకున్నవాళ్లకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. అయినా వినపడనివాళ్లకు ఈ మాట మాత్రం ఎట్లా వినపడుతుంది! (నవ్వులు)

నాకిచ్చిన అంశం విశ్వాసం, సాహిత్యం, సినిమా. ఒక్కోదానికి ఒక్కో సాయంత్రం పడుతుంది. పైగా ఇది చిత్తూరు. ఊరిపేరునే ఇంటిపేరు చేసుకుని, పోతనగా, త్యాగయ్యగా, వేమనగా తెరమీద బతికిన నాగయ్య తిరిగిన ఊరు. ఇక్కడ నిలబడి భక్తి గురించీ సినిమా గురించీ పెద్ద పెద్ద మాటలు చెప్పే ధైర్యం నాకు లేదు. నాకు బాగా తెలిసిన ఒక తెల్లగుడ్డ గురించి చెబుతాను.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు మా ఊరికి ఒక వ్యాను వచ్చింది. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ సినిమాను ఊరూరా తిప్పి ఉచితంగా చూపించేవాళ్లు, మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మా ఊరికీ పల్లెకూ (మా దళితవాడను అట్లాగే అనేవాళ్లు) మధ్య బాట ఉంది. బాటకు అడ్డంగా ఒక పక్క చింతచెట్టుకూ ఇంకో పక్క కరెంటు స్తంభానికీ తెల్లగుడ్డ కట్టారు. మిషను ఊరివైపు పెట్టారు. చీకటి పడేసరికి ఊళ్లోవాళ్లు గుడ్డకు ముందు కూర్చున్నారు. మేము, అంటే పల్లెవాళ్లం, గుడ్డకు వెనకాల కూర్చున్నాం. అట్లా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. మా అవ్వ వచ్చి, చాప పరిచి, కూర్చుంది. ఆమె పక్కన నేను కూర్చున్నాను.

తమాషా ఏమిటంటే, ఆ రాత్రి అక్కడ చేరిన జనంలో యేసు ప్రభువును దేవుడని నమ్మేవాళ్లు ఎవరైనా ఉంటే గుడ్డ వెనక కూర్చున్న మేమే. ముందు కూర్చున్నవాళ్లు ఊరికే సినిమాకు వచ్చినవాళ్లు.

వెనకనుంచి చూస్తే బొమ్మ తిరగబడి కనిపిస్తుంది. మొదట పేర్లు పడ్డాయి. అన్నీ అద్దంలో అక్షరాల్లా ఉన్నాయి. కూడబలుక్కుని చదవడం అప్పుడే వచ్చింది నాకు. ‘కరుణామయుడు’ అనే మాటను చివరి నుంచి మొదటికి చదువుకున్నాను. సినిమా అంతా అంతే. గాడిద అటు పోవాల్సింది ఇటు పోయింది. ప్రభువు ఎడమచేత్తో దీవించాడు. ఎడమచేత్తోనే రొట్టె విరిచాడు. మాకు తప్పుగా ఏమీ తోచలేదు. దేవుడు కదా, ఏ చేత్తో అయినా చేస్తాడు అనుకున్నాం.

మా సంఘపెద్ద ఒకాయన ఉండేవాడు. సినిమా అంటే ఆయనకు నిప్పు. సినిమాకు పోయి వచ్చిన కుర్రాణ్ని ఆదివారం అందరి ముందూ నిలబెట్టేవాడు. ఆ రాత్రి ఆయన కూడా మా పక్కనే కూర్చుని, సిలువ దగ్గర పైగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. మర్నాడు ఎవరో అడిగితే ‘అది సినిమా కాదబ్బా, సువార్త’ అన్నాడు. పాపం, ఆయన్ని తప్పు పట్టను. కానీ అప్పటినుంచి ఒక సంగతి గమనిస్తున్నాను. మనకు ఒక కథ నచ్చితే దానికి వెంటనే సువార్త అనో, సాక్ష్యం అనో పేరు పెట్టేస్తాం. కథను కథగా నచ్చుకోవడం మనకు చేతకాదు. దానిచేత ఏదో ఒక పని చేయించాలి.

లూకా సువార్త పదిహేనో అధ్యాయం మీ అందరికీ నోటికి వచ్చు. ‘ఒక మనుష్యునికి ఇద్దరు కుమారులుండిరి.’ ఇద్దరు అన్నాడు ఆయన మొదట్లోనే. మనం మాత్రం దానికి తప్పిపోయిన కుమారుడు అని పేరు పెట్టి ఒకణ్ణే మిగుల్చుకున్నాం. మన క్రిస్మస్ నాటికల్లో ఈ కథ ఎన్నిసార్లు చూశారు? ఆస్తి పంచుకుని పోయి, పాడుచేసి తిరిగొచ్చిన చిన్నకొడుకు మెడమీద తండ్రి పరుగెత్తుకొచ్చి పడగానే అందరూ చప్పట్లు కొడతారు, క్వయరు లేచి పాట అందుకుంటుంది, తెర పడుతుంది. అన్న ఏడి? పొలంలోనే ఉన్నాడు ఇంకా!

ఒక సంవత్సరం మా పిల్లల నాటిక చూసిపెట్టమని నన్ను పిలిచారు. ‘అన్నను కూడా పెట్టండి, సగం కథ అతనిదే కదా’ అన్నాను. దాన్ని ఆడిస్తున్న తమ్ముడు నసిగాడు. ‘అన్న వస్తే మూడ్ పాడవుతుంది సార్, అందరూ ఏడుస్తా సంతోషంగా ఉంటారు, అప్పుడు ఈయనొచ్చి కోప్పడితే ఏం బాగుంటుంది?’ అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ అబ్బాయికి నాకంటే బాగా అర్థమైంది ఆ ఉపమానం. అన్న వచ్చేదే మూడ్ పాడుచెయ్యడానికి.

చివరికి ఒప్పుకున్నారు. ఇంటర్ చదివే పొడుగాటి పిల్లాడు ఒకడికి అన్న వేషం ఇచ్చాం. లోపల పాట, డప్పులు, విందు. బయట వీడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తండ్రి బయటికొచ్చి బతిమాలాడు. ‘నా స్నేహితులతో సంతోషపడేదానికి నాకు ఒక మేకపిల్లనైనా ఇచ్చినావా?’ అని వాడు అడిగాడు. తండ్రి చెప్పాల్సింది చెప్పాడు. ఆ తర్వాత ఏం జరుగుతుంది? బైబిల్లో లేదు. అన్న లోపలికి పోయాడని రాయలేదు, పోలేదనీ రాయలేదు. అందుకని మేమూ అక్కడే ఆపేశాం. లైట్లు ఆర్పలేదు, పాట పెట్టలేదు. వాడట్లా నిలబడే ఉన్నాడు. జనానికి ఏం చెయ్యాలో తోచలేదు. నాటిక మధ్యలో ఎవరో మాట మరిచిపోయారేమో అనుకున్నారు. ఇంతలో ఆడవాళ్ల వరసలోనుంచి ఒక ముసలామె గట్టిగా అంది: ‘లోపలికి పోరా నాయనా, బువ్వ చల్లారిపోతా ఉండాది!’ (నవ్వులు)

నవ్వారు మీరు. ఆ రోజు కూడా అందరూ నవ్వారు. కానీ నేను ఈ అధ్యాయం మీద విన్న ప్రసంగాలన్నిట్లోకీ ఆ ఒక్క మాటే నాకు మిగిలింది. ఎందుకంటే ఆమె కథకు నీతి వెతకలేదు. కథలో ఉన్న మనిషితో మాట్లాడింది.

ఇంకొక్క సంగతి చూపించి ఈ కథ వదిలేస్తాను, తెలుగు మాస్టారి చాదస్తం అనుకోండి. చిన్నవాడు ఆస్తిని ఎట్లా పాడుచేశాడు? కథ చెప్పేటప్పుడు ప్రభువు ‘దుర్వ్యాపారమువలన’ అని ఊరుకున్నాడు. వేశ్యలతో తినేశాడన్న మాట ఎవరిది? అన్నది. దూరదేశంలో ఏం జరిగిందో అతనికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. బయట నిలబడి ఊహించుకున్నాడు. పైగా ‘నా తమ్ముడు’ అనలేదు, ‘నీ కుమారుడు’ అన్నాడు. తండ్రి జవాబులో ఆ మాటను మెల్లగా సరిదిద్దుతాడు, ‘ఈ నీ తమ్ముడు’ అని. ఒక కథారచయితకు ఇంతకంటే ఏం కావాలండీ! నా కథల క్లాసులో మొదటి పాఠం ఇదే చెబుతాను. మతం కోసం కాదు, సంభాషణ ఎట్లా రాయాలో చూపించడానికి.

విత్తువాడి ఉపమానం లాంటి కొన్నిటికి ప్రభువు వివరం చెప్పాడు, లేదనను. అదీ శిష్యులు అడిగాక. మిగతావి చాలావరకు అట్లాగే వదిలేశాడు. దారిలో దెబ్బలు తిని పడినవాణ్ని ఆదుకున్న సమరయుడి కథ చివర ‘వాడికి పొరుగువాడు ఎవరు?’ అని ఆయన ఎదురుప్రశ్న వేశాడు. జవాబు చెప్పినవాడు యూదుడు, తనవాళ్లు ఈసడించే ‘సమరయుడు’ అనే మాట నోటితో అనలేక ‘జాలి పడినవాడే’ అన్నాడు. ఆ పేరు పలకడం వాడికి అంత కష్టమైంది. మనమైతే ఏం చేస్తాం? ఈమధ్య మనవాళ్లు తీస్తున్న చిన్న చిన్న క్రైస్తవ సినిమాలు ఫోన్లో చూస్తుంటాను. ఇరవై నిమిషాలు తాగుబోతు తాగుతాడు, భార్య ఏడుస్తుంది, చివరి ఐదు నిమిషాలు ఒకాయన సూటు వేసుకుని వచ్చి ఇందాక మనం చూసింది ఏమిటో మనకే చెబుతాడు. చూసినవాడి మీద నమ్మకం లేదు. తీసినదాని మీదా నమ్మకం లేదు.

ఇప్పుడు కొంచెం పక్కింటికి పోయి వద్దాం. శ్రీకాళహస్తి నిన్నమొన్నటిదాకా మన జిల్లాదే, 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది. అక్కడి కన్నప్ప కథ మనకందరికీ తెలుసు. అయ్యగారు నావైపు చూస్తున్నారు. వస్తానండీ, వాక్యానికే వస్తాను. (నవ్వులు) వేటగాడు తిన్నడు పుక్కిట్లో నీళ్లు తెచ్చి, మాంసం తెచ్చి శివుడికి పెట్టేవాడు. పొద్దున్నే పూజారి వచ్చి ఎముకలు చూసి గుండె బాదుకునేవాడు. అప్పుడు శివుడు ఆ పూజారికి కలలో ఏం చెప్పాడు? వాణ్ని తిట్టొద్దు అని చెప్పి ఊరుకోలేదు. ‘రేపు నా వెనక దాక్కుని చూడు’ అన్నాడు. పూజారి దాక్కున్నాడు. లింగం కంటినుంచి రక్తం కారితే తిన్నడు తన కన్ను పెకలించి పెట్టడం చూశాడు. రెండో కన్ను పెట్టబోతూ చోటు తెలియడానికి కాలు ఆనించడం కూడా చూశాడు. జీవితమంతా దేవుడికి ఎదురుగా నిలబడి పూజ చేసిన మనిషికి, దేవుడి వెనక్కి పోయాకగానీ పూజ కనపడలేదు.

ఈ కథ ఎక్కడ విన్నా నాకు మా ఊరి బాట మీద కట్టిన తెల్లగుడ్డే గుర్తొస్తుంది. ఎక్కడ కూర్చున్నావన్నదే అసలు విషయం అనిపిస్తుంది.

బాపు గారు 1976లో ‘భక్త కన్నప్ప’ తీశారు. అదే మనిషి 1980లో ‘రాజాధిరాజు’ తీశారు, క్రీస్తు మీద. అందులో సైతాను వేషం నూతన్ ప్రసాద్ వేశాడు. ‘కొత్తా దేవుడండీ’ అని ఆయన ఆడుతూ పాడుతూ వస్తుంటే మా ఇళ్లలో పిల్లలు కూడా వెంట పాడేవాళ్లు. మా సంఘంలో కొందరికి అది గిట్టలేదు. సైతానుకు అంత మంచి పాట ఎందుకు ఇవ్వాలి అని. నేనంటాను, చెడ్డపాట పాడే సైతాను వెంట ఎవరు పోతారు? వాడి పాట బాగుండబట్టే కదా మనకు ఇన్ని ఆదివారాలు కావాల్సి వచ్చింది. రామాయణాలు తీసిన చేత్తో ఈ సినిమా తీసిన ఆయనకు శోధన అంటే ఏమిటో మా సంఘపెద్ద కంటే బాగా తెలుసు.

‘మిస్సమ్మ’ సంగతి చెప్పాలి. 1955లో వచ్చింది. టీవీలో పదిసార్లు చూసే ఉంటారు. మేరీ అనే క్రైస్తవ అమ్మాయి, సావిత్రి, అప్పుల బాధ పడలేక ఉద్యోగం కోసం ఎన్టీ రామారావు పాత్రకు భార్యగా నటిస్తుంది. జమీందారు బడిలో ఇద్దరూ టీచర్లుగా చేరతారు. హిందువుల ఇంట్లో ఉంటూ మేరిమాతను తలుచుకుని పాడుతుంది. పింగళి మాట, రాజేశ్వరరావు బాణీ, లీల గొంతు. ఇన్నేళ్లయినా ఆ పాటకు చెమ్మ ఆరలేదు. చివరికి ఆ అమ్మాయి ఆ జమీందారు తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. అందరూ సంతోషిస్తారు, మనమూ సంతోషిస్తాం. ఇదీ తప్పిపోయిన బిడ్డ కథే చూడండి.

నేను డిగ్రీ చదివేటప్పుడు ఈ సినిమా చూసి హాస్టలుకు వస్తూ మా స్నేహితుణ్ణి అడిగాను. ‘ఆ తర్వాతి ఆదివారం ఆమె ఎక్కడికి పోయింటుంది రా?’ వాడు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. వాడికి ఆ ప్రశ్న రాదు. నాకు ఎందుకొచ్చింది? నాకు రెండు పేర్లున్నాయి కాబట్టి. మందిరంలో ఒకటి, బడి రికార్డులో ఒకటి. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి ఉన్నాయని నాకు తెలుసు, చెయ్యెత్తమని అడగనులెండి. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు కూడా ఇచ్చారు. క్రైస్తవుడైన దళితుడికి లేదు, మన రాష్ట్రంలో అతణ్ణి బీసీ-సి కింద చూస్తారు. ఆ తెల్లగుడ్డకు వెనక కూర్చోబెట్టేటప్పుడు మాత్రం మా మతం ఎవరూ అడగలేదు.

‘మిస్సమ్మ’ తీసినవాళ్ల మనసులో ఇదేదీ ఉండి ఉండదు. అది చక్కటి హాస్య సినిమా. వాళ్లను తప్పుపట్టే పని నాది కాదు. ముందు కూర్చున్నవాడికి నవ్వొచ్చిన చోట వెనక కూర్చున్నవాడికి ఇంకేదో కనపడింది, అంతే.

ఇక జాషువా. వినుకొండలో 1895లో క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు. ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. కానీ జనం గుండెలో నిలిచింది 1941 నాటి ‘గబ్బిలం’. కాళిదాసు మేఘాన్ని పంపితే ఈయన గబ్బిలాన్ని పంపాడు. గుడి తలుపు తెరుచుకోని మనిషి తన గోడు కాశీలో శివుడికి చెప్పి రమ్మని గబ్బిలాన్ని బతిమాలతాడు. మనిషికి లేని దారి దానికి ఉంది. గుళ్లోకి పోయి దేవుడికి దగ్గరగా తలకిందులుగా వేలాడుతుంది. తలకిందులుగా అంటే దానికి కూడా దేవుడు తిరగబడే కనిపిస్తాడు. ఇది జాషువా అనలేదు, నేను అంటున్నాను.

ఒకసారి క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. ‘సార్, ఆయన క్రైస్తవుడు కదా, సందేశం శివుడికి ఎందుకు పంపాడు? యేసయ్యకు చెప్పుకోవచ్చు కదా?’ నేను ఆ రోజు కవిది విశాల హృదయమమ్మా అని ఏదో చెప్పి దాటేశాను. అది జవాబు కాదని చెబుతున్నప్పుడే తెలుసు నాకు. ఇంటికొచ్చి ఆలోచిస్తే తట్టింది. తలుపు ఎక్కడ వేశారో ఫిర్యాదు అక్కడే కదా ఇవ్వాలి. మూసింది గుడి తలుపు. మాట గుళ్లోకే పోవాలి.

మరి మన తలుపులో? నా చిన్నప్పుడు మా మందిరంలో మాలలు ఒక పక్క, మాదిగలు ఒక పక్క కూర్చునేవాళ్లు. ప్రభురాత్రి భోజనంలో గిన్నె ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోవాలో ఒక వరస ఉండేది. ఊరివాళ్లు మమ్మల్ని గుడ్డ వెనక కూర్చోబెట్టారని ఇందాక అంత బాధగా చెప్పాను కదా. ఆ గుడ్డ వెనక కూడా రెండు చాపలున్నాయి. మా అవ్వ ఏ చాప మీద కూర్చుందో, మరో చాప ఎంత దూరంలో ఉందో నాకు బాగా గుర్తు. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను, కుదరలేదు. మా మందిరం పైకప్పులో కూడా గబ్బిలాలు ఉండేవి. వాటికి రెండు పక్కలూ ఒకటే.

నేను సాహిత్యం చదవమనేది ఇందుకు. నీతి కోసమైతే మనకు సామెతల గ్రంథం ఉంది, చాలు. చదివేటప్పుడు కాసేపు వేరే చాప మీద కూర్చుంటాం. అక్కడినుంచి మన చాప ఎట్లా ఉందో కనపడుతుంది. చూడ్డానికి అంత ముచ్చటగా ఏమీ ఉండదు.

టైమైపోయిందంటున్నారు. ఏమైనా అడుగుతారా? … ఆ నీలం చొక్కా బాబు, గట్టిగా అడుగు నాయనా.

‘సార్, మీ అవ్వ ఎప్పుడైనా ముందువైపు కూర్చుని చూసిందా?’

మంచి ప్రశ్న. రెండేళ్లకు ఆ వ్యాను మళ్లీ వచ్చింది. ఈసారి మిషను తిప్పే అతను కొత్తవాడు, బయటి ఊరివాడు. ‘అవ్వా, ఇటుపక్కకు రా, బొమ్మ బాగా కనిపిస్తుంది’ అని పిలిచాడు. మా అవ్వ పోలేదు. భయం ఉండిందేమో, నాకు తెలియదు. నాతో చెప్పిన కారణం మాత్రం వేరు. ‘ఇక్కడికైతే దీపం అగుపిస్తుంది రా’ అంది. మిషను లైటు గుడ్డలోంచి వెనక్కి కనిపిస్తుంది కదా. తెర మధ్యలో ఒక తెల్లటి చుక్క వెలుగుతూ ఉండేది. ప్రభువు ముఖం ఆ చోటికి వచ్చినప్పుడల్లా అవ్వ తల వంచేది. ముందు కూర్చున్నవాళ్లకు అది లేదు. వాళ్లకు లైటు వీపు వెనక.

ఆ తర్వాత చాలా ఏళ్లకు మా ఇంటికి టీవీ వచ్చింది. ఒక గుడ్ ఫ్రైడేకి అదే సినిమా వేశారు. అవ్వకు అప్పటికి చూపు మందగించింది. దగ్గరగా స్టూలు వేసి కూర్చోబెట్టాను. బాలసుబ్రహ్మణ్యం గొంతులో ఆ పాట వచ్చినప్పుడు గుర్తుపట్టింది, తల ఊపింది. తర్వాత ప్రభువు చెయ్యెత్తి దీవించే చోట ముందుకు వంగి చూసి, నన్ను మోచేత్తో పొడిచింది.

‘ఈయన కుడిచేత్తో దీవిస్తా ఉండాడే. మనాయన కాదురా ఈయన.’